గోడెక్కిన వేషాలు

అద్దె ఇంటి గోడకు మేకు కొట్టాలంటే ముందు ఓనరుకు మెసేజ్ పెట్టాలి. సింగపూర్‌లోని టోవా పాయోలో అయితే ఆ తర్వాత క్యాలెండరు కూడా చూసుకోవాలి. ఆదివారం డ్రిల్లింగ్ మెషీన్ చప్పుడు చేస్తే పైఇంటివాళ్లూ ఊరుకోరు, హౌసింగ్ బోర్డు నిబంధనలూ ఊరుకోవు. పైగా ఇవి కాంక్రీటు గోడలు, రెండు సుత్తి దెబ్బలకు లొంగవు. ఇంత తతంగం ఉంది కాబట్టే ఇక్కడ ఏ బొమ్మైనా కాస్త ఆలోచించాకే గోడెక్కుతుంది.

సింగపూర్‌లో తెలుగువాళ్ల హౌసింగ్ బోర్డు (హెచ్‌డీబీ) ఫ్లాట్లు లోపల చాలావరకు ఒకే పోలికగా ఉంటాయి. హాల్లో టీవీ, దానికి కాస్త పైన వెంకటేశ్వరస్వామి, పక్క గోడకు పిల్లల ఫొటోలు, సరుకుల కొట్టువాళ్లిచ్చిన క్యాలెండరు. కొంచెం అభిరుచి ఉందనుకునేవాళ్ల ఇంట్లో చేర్యాల నకాషీ బొమ్మో బాపు బొమ్మో కనిపిస్తుంది. మా ఇంట్లో వీటితో పాటు ముగ్గురు జపాను నటులున్నారు. ముగ్గురూ పోయి రెండు వందల ఏళ్లు దాటింది. ముగ్గుర్నీ గీసినవాడు తోషూసాయ్ షరాకు. 1794 వేసవిలో నేటి టోక్యో అయిన ఎదో నగరంలో ఉన్నట్టుండి ఊడిపడి, పది నెలల్లో నూట నలభైకి పైగా బొమ్మలు గీసి, మళ్లీ కనిపించకుండా పోయిన మనిషి. మా దగ్గరున్నవి నకళ్లు. వచ్చినవాళ్లు ఆ మాట విని "ఓహో, ఒరిజినల్ కాదా" అంటారు, కాస్త జాలిగా. ఈ వ్యాసం ఆ జాలికి జవాబు.

మొదట బొమ్మ సంగతి చెప్పాలి. గుమ్మం దాటి లోపలికి రాగానే కుడిచేతి గోడ మీద ఉన్నవాడు ఓతాని ఓనిజి, ఆ పేరు పెట్టుకున్న నటుల్లో మూడోవాడు. వేషం పేరు ఎదోబెయి, ఒక దుష్టుడి కింద పనిచేసే సేవకుడు. డబ్బు పట్టుకెళ్తున్న ఇంకో సేవకుణ్ణి దారి కాచి దోచుకోబోతున్న ఘట్టం అది. తల ముందుకు చాచాడు. కళ్లు దగ్గరకొచ్చాయి, పెదవి కొసలు కిందికి వంగాయి. అంగీ మడతల్లోంచి రెండు చేతులూ వేళ్లు విడదీసుకుని బయటికి పొడుచుకొచ్చాయి. ఆ చేతుల్ని కాసేపు చూడండి. ఆ మొహానికి అవి చాలవు, చిన్నవి. భుజాల నుంచి వచ్చినట్టు కూడా ఉండవు, ఎవరో రొమ్ములోంచి తోసినట్టుంటాయి. డ్రాయింగ్ మాస్టారు ఎవరైనా ఎర్ర సిరాతో సున్నా చుట్టే చేతులవి. కానీ వాటిని సరిచేస్తే బొమ్మ చచ్చిపోతుంది. దోచుకోవాలన్న ఆత్రం, లోపలున్న భయం రెండూ ఆ కురచ వేళ్లలోనే ఉన్నాయి.

ఇలాంటి బొమ్మలు ఎందుకు పుట్టాయో తెలిస్తే గోడకెక్కించడంలో మొహమాటం పోతుంది. ఎదోలో కబుకి నాటకమంటే జనానికి వెర్రి. నాటకశాలల బోర్డులు రాసిచ్చే తొరీ వంశం చిత్రకారులే మొదట్లో నటుల అచ్చు బొమ్మలు కూడా వేసేవారు. అప్పట్లో ఏ నటుడి మొహమైనా ఒకే అచ్చులో పోసినట్టుండేది, దుస్తుల మీది గుర్తు చూసి ఫలానావాడని పోల్చుకోవాల్సిందే. కత్సుకావా షున్షో వచ్చి ఆ పద్ధతి మార్చాడు. 1770లో ఇప్పిత్సుసాయ్ బుంచోతో కలిసి ఆయన వేసిన నటుల పుస్తకంలో ఎవరి మొహం వాళ్లకు వచ్చింది. ఆ తర్వాత కునిసదా, కునిచికా వంటివాళ్లు వందేళ్లకు పైగా ఈ వ్యాపారాన్ని నడిపారు. కొత్త నాటకం పడితే కొత్త బొమ్మలు దిగేవి. ఒక్కోటి ఓ గిన్నె సోబా నూడుల్స్ ఖరీదుకు అటూ ఇటూగా ఉండేదంటారు. అభిమానులు కొని గోడలకూ తెరలకూ అంటించుకునేవారు. పల్లెల నుంచి వచ్చినవాళ్లు తేలిగ్గా మడిచి ఊరికి పట్టుకెళ్లేవారు. నటుడు చనిపోతే సంతాపపు బొమ్మ దిగేది. 1854లో యువ నటుడు ఎనిమిదో ఇచికావా దాంజూరో ఒసాకాలో ఆత్మహత్య చేసుకున్నప్పుడు అలాంటివి వందకు పైగా రకాలు అచ్చయ్యాయి. అద్దాల చట్రం, మసక దీపం, "ముట్టుకోరాదు" అనే బోర్డు తర్వాతి కాలం మర్యాదలు. బొమ్మ పుట్టింది మాత్రం మామూలు ఇళ్ల కోసమే.

ఇక ఒరిజినల్ మాట. చిత్రకారుడు పల్చని కాగితం మీద గీసిన గీత బొమ్మను చెక్కేవాడు కొండ చెర్రీ కొయ్య దిమ్మె మీద బోర్లా అంటిస్తాడు. ఆ కాగితం మీదుగానే చెక్కుతాడు. దిమ్మె తయారయ్యేసరికి అసలు గీసిన కాగితం ముక్కలై పోతుంది. తర్వాత రంగుకో దిమ్మె చొప్పున చెక్కించి, వెదురు పట్ట చుట్టిన బారెన్ అనే బిళ్లతో అచ్చువాడు కాగితం వెనక రుద్ది రంగు దించుతాడు. పెట్టుబడి ప్రచురణకర్తది. షరాకు వెనకున్న ప్రచురణకర్త త్సుతాయా జూజబురో. 2025లో జపాను ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఏడాది పొడుగునా ధారావాహిక నడిపింది ఆయన కథతోనే. అంటే గీసినవాడు, చెక్కినవాడు, అద్దినవాడు, అమ్మినవాడు నలుగురు కలిస్తేనే ఒక బొమ్మ. ఈ నలుగురి మధ్య ఒరిజినల్ అన్నది ఎక్కడుంది? చిత్రకారుడి చేతి గీత ఉలి కింద పోయింది. మిగిలినవన్నీ ప్రతులే. పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ చీరల్లో ఏది అసలు, ఏది నకలు అని ఎవరూ అడగరు, అద్దకం కుదిరిందా లేదా అని చూస్తారు.

అందుకని నకళ్లన్నీ ఒకటేనని మాత్రం అనను. నాకు తెలిసి మూడు రకాలున్నాయి. మొదటిది, కొత్తగా దిమ్మెలు చెక్కించి పాత పద్ధతిలోనే చేత్తో అద్దినవి. 1928లో టోక్యోలో మొదలైన అదాచి సంస్థ ఇప్పటికీ ఈ పని చేస్తోంది. వీటి ఖరీదు వేల యెన్లలో ఉంటుంది కానీ కాగితాన్ని వెలుగుకు అడ్డం పెట్టి చూస్తే గీత లోపలికి దిగిన ఆనవాలు కనిపిస్తుంది. రెండోది, మ్యూజియంలు ఉచితంగా ఇస్తున్న ఫైళ్ల నుంచి వేయించుకున్నవి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి తన దగ్గరున్న పాత చిత్రాల ఫొటోల్ని ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని వదిలేసింది. వాళ్ల దగ్గర ఓనిజి ఉన్నాడు. మూడోది బజారు పోస్టరు. అసలు బొమ్మలో నలుపుకు దగ్గరగా ఉన్న బూడిదరంగు నేపథ్యం పోస్టర్లో సిమెంటులా చదునుగా ఉంటుంది. అసలులో అది అభ్రకం పొడి. మన గూడూరు గనుల్లో దొరికేదే. మనిషి కదిలినప్పుడల్లా ఆ నేపథ్యం తళుక్కుమంటుంది, దీపాల వెలుగులో రంగస్థలం మీద నటుడు నిలబడ్డట్టే ఉంటుంది. షరాకు మొదటి విడత ఇరవై ఎనిమిది బొమ్మలకూ ఈ నేపథ్యమే. ఇంకుజెట్ యంత్రం ఆ తళుకు తేలేదు. మా ముగ్గురిలో ఓనిజి ఒక్కడే చేత్తో అద్దినవాడు, మిగతా ఇద్దరూ ఫైలు నుంచి వచ్చినవాళ్లు. సాయంత్రం దీపం వేస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. తెలిసినా మిగతా ఇద్దర్నీ దించబుద్ధి కాలేదు. ఎందుకో చెప్పాలంటే మన క్యాలెండర్ల దగ్గరికి వెళ్లాలి.

మనకూ నటుల బొమ్మలు ఇంట్లో పెట్టుకునే అలవాటుంది. 1957లో మాయాబజార్, 1960లో శ్రీ వెంకటేశ్వర మహత్యం వచ్చాక ఎన్టీ రామారావు కృష్ణుడిగా, వెంకన్నగా క్యాలెండర్లకెక్కాడు. అక్కణ్ణుంచి పూజగదిలోకి నడిచాడు. తిరుపతి మొక్కు తీర్చుకుని మద్రాసు వెళ్లి ఆయన దర్శనం చేసుకున్న బస్సుల కథ అందరికీ తెలిసిందే. అక్కడ వేషం నటుణ్ణి మింగేసింది. కృష్ణుడి బొమ్మ వేయాలంటే చిత్రకారుడికే రామారావు మొహం అడ్డొచ్చేంతగా మింగేసింది. షరాకు పని దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. ఆయన వేసిన బొమ్మలో వేషం ఎంత ఉందో దాని కింద మనిషీ అంతే ఉంటాడు. ముక్కు వంకర, గడ్డం కింద వేలాడే కండ, వయసు తెచ్చిన అలసట అన్నీ రంగు పొరలోంచి పైకి తేలతాయి. రెండో బొమ్మలోని ఇచికావా ఎబిజోనే చూడండి. ఒకప్పుడు ఐదో దాంజూరోగా ఎదోను ఏలిన నటుడు. కొడుక్కి ఆ పేరు అప్పగించి పెద్దరికానికొచ్చాక వేసిన వేషం ఇది. కూతురి తప్పుకు తన ప్రాణం ఇచ్చే తండ్రి తకెమురా సదనోషిన్. కథలో ఆ తండ్రి నో అనే తరహా నాటకాలు ఆడే కళాకారుడు. షరాకు ఎవరన్న ప్రశ్నకు ఎక్కువమంది పండితులు మొగ్గే జవాబు అవా ప్రాంతపు ప్రభువు కొలువులోని నో నటుడు సైతో జూరోబెయి. అదే నిజమైతే ఒక నటుడు, తన వృత్తివాడి వేషం కట్టిన ఇంకో నటుణ్ణి చూసి గీసిన బొమ్మ ఇది. చేతులు జోడించి, కనుగుడ్లు దగ్గరకు తెచ్చి కూర్చున్న ఆ పెద్దాయనలో దుఃఖం ఎంతుందో, దుఃఖాన్ని సరిగ్గా ఎక్కడ ఆపాలో తెలిసిన అనుభవమూ అంతే ఉంది.

మూడోది సెగావా తొమిసబురో. ఆడవేషం. కబుకిలో 1629లో ఆడవాళ్లను నిషేధించారు, 1652లో పడుచు కుర్రాళ్లనూ తప్పించారు. అప్పట్నుంచీ ఆడవేషాలన్నీ మగవాళ్లవే. ఈ తొమిసబురో ఒక ఉద్యోగి భార్య యదొరిగిగా ఉన్నాడు. తలకట్టు, చీరకట్టు లాంటి ఆ దుస్తుల పొందిక అంతా లక్షణంగా ఉంటుంది. కింద దవడ మాత్రం మగవాడిదే. కళ్లలో కాస్త కొరకొర. మా అత్తగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు ఓనిజిని చూసి, "ఎవరమ్మా ఈ రాక్షసుడు? వచ్చేవాళ్లకు ఎదురుగా కోపం మొహాలు పెట్టకూడదు" అన్నారు. ఈ మూడో బొమ్మ దగ్గర మాత్రం ఆగారు. "ఈవిడ ఆడది కాదే" అన్నారు. కాదండీ, మగవాడే అన్నాను. "మరి ఆ మాట తెలిసేట్టు గీశాడేం? మా నాన్నగారు స్థానం వారి సత్యభామను చూసొచ్చి చెప్పేవారు, పక్కన కూర్చుని చూసినా మగవాడని తెలియదట" అన్నారు.

ఆవిడ వేసిన ప్రశ్న కళా విమర్శకులు వేసేదే. స్థానం నరసింహారావు (1902–1971) తెనాలి రామవిలాస సభ వేదిక మీద, వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012) కూచిపూడి భామాకలాపంలో సాధించింది మగతనం జాడ తెలియనివ్వకపోవడం. కబుకి స్త్రీ వేషధారులు కోరుకున్నదీ, అభిమానులు డబ్బు పెట్టి కొన్నదీ ఆ మాయనే. షరాకు ఆ మాయను చూపిస్తూనే దాని వెనకున్న శ్రమనూ చూపించాడు. ఎదోలో అది అందరికీ రుచించలేదు. మరీ నిజంగా గీయబోయాడు కాబట్టే ఎక్కువ కాలం నిలవలేదని ఓతా నంపో అనే సమకాలికుడు రాసిపెట్టాడు. 1795 మొదట్లో షరాకు బొమ్మలు ఆగిపోయాయి. 1910లో జర్మనీ పండితుడు యూలియస్ కుర్త్ ఆయన మీద పుస్తకం వేశాక గానీ ప్రపంచం మళ్లీ తలెత్తి చూడలేదు. అభిమానుల కోసం చేసిన సరుకు అభిమానులకే నచ్చకపోవడం వ్యాపారంగా చూస్తే నష్టమే. గోడకు మాత్రం అదే లాభం. పొగిడే బొమ్మ నాలుగు రోజుల్లో కంటికి ఆనకుండా పోతుంది. ఇవి అలా పోవు, రోజూ ఎదురు మాట్లాడుతూనే ఉంటాయి.

మా అంతస్తులో వరండా అందరిదీ. తలుపు తీసి ఉంచితే నడిచేవాళ్లకు హాలంతా కనిపిస్తుంది. ఎదురింటి చైనా ఆంటీ ఓ రోజు గ్రిల్లు బయట నిలబడి ఎబిజోను చూసి "ఇది వాయాంగా?" అని అడిగారు. ఇక్కడివాళ్లు చైనా వీధి నాటకాన్ని వాయాంగ్ అంటారు. ఏడో చాంద్రమాసంలో టోవా పాయో ఖాళీ స్థలాల్లో డేరాలు లేస్తాయి, నాటకమో పాటకచేరీయో నడుస్తుంది. ముందు వరస కుర్చీలు ఆత్మలకు వదిలేస్తారు. రంగు పూసిన మొహాల్ని చూస్తూ పెరిగినావిడ కనక ఆ ప్రశ్న సహజం. జపాను నాటకం అన్నాను. ఆవిడ ఓ క్షణం ఆగి, "మా అమ్మ ఉంటే ఇష్టపడేది కాదు" అని మామూలుగానే అనేసి వెళ్లిపోయారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాను చేతికి చిక్కింది. 1945 సెప్టెంబరు దాకా ఈ ఊరు పడిన పాట్లు, ముఖ్యంగా చైనావాళ్లు పడిన పాట్లు, ఇక్కడి పాత కుటుంబాలు ఇంకా మరిచిపోలేదు. 1794 నాటి నటుడికి ఆ సైన్యంతో సంబంధం లేదని వాదించవచ్చు. వాదించి గెలవాల్సిన విషయం కాదిది. ఎబిజోను చదువుకునే గదిలోకి మార్చాను. ఇంటి అలంకరణ మన ఇష్టమే, వరండా మాత్రం పదిమందిది.

బొమ్మలు పెట్టుకోవాలనుకునేవాళ్లకు పనికొచ్చే సంగతులు కొన్ని చెప్తాను. షరాకు వాడిన ఓబాన్ కాగితం సుమారు 39 సెంటీమీటర్ల పొడవు, 26 వెడల్పు. అంటే ఏ3 కాగితం మీద అసలు సైజులోనే వేయించవచ్చు. పెంచి పెద్ద పోస్టరు చేయకండి. ఇవి చేతిలో పట్టుకుని చూసే దూరానికి గీసినవి, పెద్దవి చేస్తే వెంట్రుక గీతలు తాళ్లలా మారతాయి. మెరుపు కాగితం వద్దు, ఇంకు పిగ్మెంట్‌దై ఉండాలి. పాత జపాను రంగుల్లో కుసుంభా పూల ఎరుపు, పూల నుంచి తీసిన నీలం వెలుగుకు ఇట్టే వెలిసిపోయేవి. అందుకే మ్యూజియంలు ఇలాంటివాటిని కొన్ని నెలలు చూపించి ఏళ్ల తరబడి చీకట్లో దాస్తాయి. 2021లో ఇక్కడి ఏషియన్ సివిలైజేషన్స్ మ్యూజియంలో ఎదో జీవితం మీద ప్రదర్శన పెట్టి నూట యాభైకి పైగా అచ్చు బొమ్మలు చూపించినప్పుడు గదులన్నీ మసకగానే ఉన్నాయి. నకలుకు అంత భయం అక్కర్లేదు గానీ పడమటి ఎండ తగిలే గోడ మాత్రం వద్దు.

ఎండకన్నా పెద్ద శత్రువు ఇక్కడి తేమ. అద్దానికి కాగితం అంటుకుందంటే బూజు పట్టినట్టే. మధ్యలో మందపాటి మౌంటు పెట్టించండి, ఫ్రేము వెనక నాలుగు మూలలా చిన్న రబ్బరు బిళ్లలు అంటించండి, గాలి ఆడుతుంది. బ్రాస్ బసా కాంప్లెక్సులో ఫ్రేము కట్టేవాళ్లున్నారు. కొనేముందు చూసి తేల్చుకోవడానికి కబుకి మీద, అచ్చు బొమ్మల మీద పుస్తకాలు కావాలంటే టోవా పాయో సెంట్రల్‌లో 1974 నుంచి లైబ్రరీ ఉంది. వాళ్ల దగ్గర లేని పుస్తకాన్ని వేరే శాఖ నుంచి తెప్పించుకోవచ్చు.

చిత్రకారుడు హొకుసాయ్ గీసిన అల బొమ్మ పెట్టుకోవచ్చుగా, అందంగా ఉంటుంది అని స్నేహితులు అడుగుతారు. అందంగానే ఉంటుంది. ప్రతి రామెన్ హోటల్లోనూ ఉంది, టీషర్టుల మీదా ఉంది. అచ్చు బొమ్మల్లో కొండలూ సముద్రాలూ పెద్ద వ్యాపారంగా మారింది 1830ల్లోనే. అంతకుముందూ ఆ తర్వాతా ఎదో జనం కొన్నది ముఖ్యంగా మనుషుల మొహాల్ని. 1842లో సర్కారు పొదుపు పేరుతో నటుల బొమ్మల్ని నిషేధిస్తే కునియోషి అనే చిత్రకారుడు వాళ్ల మొహాల్ని గొడౌను గోడ మీద ఎవరో ఆకతాయి గీకిన పిచ్చి గీతల్లా వేసి అచ్చేయించాడు. ఇవి నటుల బొమ్మలు కావు, గోడ బొమ్మ మాత్రమేనని తప్పించుకోవచ్చు. కొన్నవాళ్లకు మాత్రం ఎవరెవరో తెలుసు. మొహం మీద జనానికున్న మమకారం అలాంటిది.

నా తీర్పు ఇదీ: నకలు అని సిగ్గుపడక్కర్లేదు, నకలు అని దాచనూ కూడదు. ఫ్రేము వెనక నటుడి పేరు, వేషం పేరు, నాటకం, సంవత్సరం, ఈ ప్రతి ఎక్కడ తయారైందీ రాసిపెట్టండి. రేపు మీ పిల్లలు అటక దులిపినప్పుడు అది ఖరీదైన అసలనుకుని మోసపోరు, చిత్తు కాగితమనుకుని పారేయరు. పేరు తెలియని మొహాన్ని మాత్రం గోడెక్కించకండి. ఎవరో తెలియకుండా రోజూ ఎదురుపడే మనిషితో కాపురం కష్టం. డజను కొనేకన్నా ఒక్కటి కొనండి, వాడి కథ తెలుసుకోండి, మీ కంటి ఎత్తులో తగిలించండి. డ్రిల్లింగ్ మాత్రం ఆదివారం వద్దు.